ఓర్నెల్లా దిగిన నీళ్ళు

తెల్లారగానే పెల్లెస్త్రీనా దీవి మగవాళ్ళు ఆల్చిప్పల మడుల వైపు పడవలు తోసుకుపోతారు. ఓర్నెల్లా మాత్రం గట్టు మీద కుర్చీ వేసుకుని, రబ్బరు బూట్లలో కాళ్ళు దాచుకుని వాళ్ళ వలలు బాగుచేస్తుంది. బాగైన వలలను తండ్రి వదిలిపోయిన చెక్క పడవలో తనే అందరికీ చేరవేస్తుంది. ఆమె కాలు పెట్టినచోట ఉప్పునీళ్ళు మంచినీళ్ళవుతాయి. చిన్నప్పుడు ఆడుకుంటూ దిగితే రేవు పెద్ద టూల్యో మడిలో ఆల్చిప్పలన్నీ నోళ్ళు తెరిచి చచ్చాయి. అప్పటినుంచి నీళ్ళలో దిగకూడదని కట్టడి. పాపం, సముద్రం మధ్య పుట్టి, మళ్ళీ మోకాళ్ళు తడవకుండానే ఆమెకు నలభై దాటాయి.

ఆ ఏడు చెక్కను లోలోపలే తొలిచేసే ఓడపురుగు వచ్చింది. వేడి సముద్రాల జాతి. పరాయి ఓడల అడుగున అంటుకుని వచ్చి, ఇక్కడి నీళ్ళూ వెచ్చబడేసరికి కాపురం పెట్టేసింది. పైకి నున్నగా ఉన్న గుంజలు చెయ్యి వేస్తే విరిగేవి.

పురుగు పట్టిన పడవను నదిలో కట్టేసి రావడం అక్కడి అలవాటు. మంచినీళ్ళకు పురుగు చస్తుంది. తన పడవకూ పట్టేసరికి ఓర్నెల్లా అలాగే కట్టింది, నీళ్ళు రుచి చూడకుండా. వానల్లేని ఆ ఏడు సముద్రం నదిలోకి ఎగదన్ని, అక్కడా ఉప్పునీళ్ళే నిండాయి. తిరిగి తెచ్చిన పడవలో పురుగు ఇంకా బలిసింది.

"తగలబెట్టెయ్యవే," అన్నాడు టూల్యో. "మా పడవలకూ అంటిస్తావా?"

"ఇది పోతే నేనేం తినాలి బాబాయ్?"

"మావాడు ప్లాస్టిక్ పడవలో వలలు పట్టుకెళ్తాడులే. నువ్వు కూర్చుని అల్లుకో."

ఓర్నెల్లాకు ఒళ్ళు మండిపోయింది. బూట్లు లాగి ఆయన ముందు పడేసి, మెట్లు దిగి పడవ పక్కన నీళ్ళలో నిలబడింది.

"ఓసి నీ దుంపతెగ! నా ఆల్చిప్పలే!"

"అవతలి ఒడ్డుకు మోసుకుపో. నీ చిప్పల కోసం ఇన్నేళ్ళు కాళ్ళు దాచుకున్నాను. ఇక దాచను. దమ్ముంటే వచ్చి లాగు!"

ఎవరూ రాలేదు. కుర్చీ నీళ్ళలోకే తెచ్చుకుని వలలు అల్లింది. ఆడవాళ్ళు వేడి మొక్కజొన్న సంకటి, వేయించిన చేపలు తెచ్చిపెట్టి, "లేచావంటే చూడు!" అని బెదిరించి మరీ వెళ్ళేవారు. టూల్యో తిట్టుకుంటూనే మడులు మార్చుకున్నాడు. వారాలు గడిచాక చెక్కలో పురుగు చచ్చింది. పడవ దక్కింది.

ఒక మధ్యాహ్నం టూల్యో తన పడవ లాక్కొచ్చాడు. టోపీ తీసి చేతిలో నలుపుతూ, "దీనికీ పట్టిందే," అన్నాడు.

"కట్టు. నేనెక్కడ దిగాలో ఇక ఎవడూ చెప్పకూడదు."

ఆయన వంగి తాడు కట్టాడు. ఓర్నెల్లా కుర్చీ వదిలి లోతుకు నడిచింది. నడుము దాకా, గొంతు దాకా. చేతులు కొట్టింది, మునిగింది, నీళ్ళు మింగి లేచి పగలబడి నవ్వింది.

గట్టు మీదనుంచి టూల్యో గొంతు చించుకుని అరిచాడు: "కాళ్ళాడించవే పిచ్చిదానా, కాళ్ళు!"