రెండు వందల పద్దెనిమిదో ట్యూబు

కబురు వచ్చిన నిమిషానికి అందరూ చీటీ అని పిలిచే అమ్మాయి ఫ్రీజరు తలుపు మీది మంచు గీకుతోంది. నడవా చివరి గదిలో కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది. ఆ వెంటనే పెద్ద డాక్టరమ్మ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది. గుండె జబ్బుల వార్డులో ఎవరూ పరుగెత్తకూడదని పాతికేళ్ళుగా అందరికీ చీవాట్లు పెట్టిన మనిషి ఆవిడ.

“ఇచ్చారు,” అంది గోడ పట్టుకుని. “నిధులు ఇచ్చారే. ఐదేళ్ళకి. తొమ్మిది కేంద్రాలకీ. మనకి కూడా.”

నర్సక్క చేతిలోని దూది చుట్ట బల్ల మీద పడేసి డాక్టరమ్మని గట్టిగా కావలించుకుంది. ఏం చేసిందో తెలిశాక బిత్తరపోయి వెనక్కి జరిగింది.

“ఏమీ అనుకోకండి మేడమ్.”

“మళ్ళీ కావలించుకో,” అంది డాక్టరమ్మ.

చీటీకి అసలు పేరు ఒకటుంది గానీ అది ఉద్యోగ పత్రంలోనే మిగిలిపోయింది. రక్తం ట్యూబుల మీద నంబరు చీటీలు అంటించడం, వాటిని ఫ్రీజరులో వరుస తప్పకుండా సర్దడం ఆమె పని. మూడేళ్ళలో ఆరు వందల నలభై ట్యూబులకి అంటించింది. ఒక్కటి వంకరగా ఉన్నా పీకి మళ్ళీ అంటించేది. ఆ చాదస్తం చూసి నర్సక్క పెట్టిన పేరే ‘చీటీ’. నెల క్రితం పెళ్ళయినప్పుడు శుభలేఖలో ఆ పేరు కూడా వేస్తే తప్ప పెళ్ళికూతురెవరో వరుడి బంధువులకి అర్థం కాలేదంటే ఇక చెప్పేదేముంది.

గుండె జబ్బు కొన్ని కుటుంబాల్లో తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బిడ్డకి ఎందుకు దిగుతుందో జన్యువుల్లో వెతకాలన్నది వాళ్ళ పరిశోధన. ఒక్క ఆసుపత్రి రక్తంతో తేలే పని కాదది, లక్షమందిది కావాలి. అందుకే తొమ్మిది చోట్ల వాళ్ళు చేతులు కలిపారు. ఒకరి దగ్గర జన్యువులు చదివే యంత్రాలున్నాయి, ఇంకొకరి దగ్గర గదుల నిండా కంప్యూటర్లున్నాయి. వీళ్ళ దగ్గర ఆ రెండూ లేవు. మూడు తరాలుగా ఒకే ఆసుపత్రిని నమ్ముకుని వస్తున్న కుటుంబాలున్నాయి. చిన్న చోటని నిధులిచ్చే సంస్థ డాక్టరమ్మ అర్జీని రెండుసార్లు తిప్పి పంపింది. మూడోసారి మిగతా ఎనిమిది కేంద్రాల వాళ్ళూ వీళ్ళు లేకుండా మాకూ వద్దని రాసి సంతకాలు పెట్టారు. ఆ కాగితం డాక్టరమ్మ గదిలో గోడకి ఎక్కింది. ఆవిడ డిగ్రీ పట్టాలు బీరువాలోనే ఉండిపోయాయి.

చీటీ ఒక్క ఉదుటున వరండాలోకి వచ్చి మొగుడికి ఫోన్ చేసింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇంట్లోనూ బయటా అందరూ లిఫ్టనే పిలుస్తారు.

“ఎక్కడున్నావు?”

“ఏడో అంతస్తుకీ ఎనిమిదో అంతస్తుకీ మధ్య. లోపల ఒక పెద్దాయన ఇరుక్కున్నాడు. నన్ను తిట్టడానికి కొత్త మాటలు వెతుక్కుంటున్నాడు.”

“మాకు నిధులొచ్చాయి.”

 అతను లోపలున్న పెద్దాయనకి, “సార్, మా ఆవిడ ఆసుపత్రికి నిధులొచ్చాయండి,” అని కేకేసి చెప్పడం వినిపించింది. పెద్దాయన ఏదో అన్నాడు.

“ఏమంటున్నాడు?”

“ముందు తలుపు తెరవమంటున్నాడు.”

ఆమె నవ్వుకుంటూ లోపలికి వచ్చింది. ఈ నెల రోజుల్లో ఆమెకి ప్రతిదీ నవ్వొచ్చేలాగే ఉంది. గుమ్మం దగ్గర తన చెప్పుల పక్కన అంత పెద్ద బూట్లు ఉండటం, ఉతికిన బట్టల్లో ఎవరి సాక్సు ఎవరిదో తేల్చుకోవడం, అన్నీ ముచ్చటే.

లోపల మాత్రం ఎవరూ నవ్వడం లేదు. డాక్టరమ్మ కుర్చీలో కూలబడి ఉంది. నిధుల ఉత్తరంలో రెండో పేజీ నర్సక్క చేతిలో ఉంది. ముందుగా పరీక్షకి పంపిన ట్యూబుల్లో రెండు వందల పదిహేడు, రెండు వందల పద్దెనిమిది నంబర్లు రెండూ ఒకే మనిషి రక్తమని యంత్రం తేల్చింది. అది ఎలా జరిగిందో గురువారం ఉమ్మడి సమావేశంలో వివరించాలి. సరైన వివరణ లేకపోతే ఈ కేంద్రం నుంచి వచ్చిన ఆరు వందల నలభై ట్యూబులూ పక్కన పెట్టేస్తారు.

“ఒకే రక్తాన్ని రెండు ట్యూబుల్లో పోసి లెక్క పెంచామనుకుంటారే,” అంది డాక్టరమ్మ మెల్లగా.

చీటీ నర్సక్క చేతిలోని పేజీ లాక్కుని చూసింది. “నా చీటీలు తప్పవు మేడమ్.”

“నాకు తెలుసు. వాళ్ళకి తెలియదుగా.”

ట్యూబు మీద నంబరు తప్ప పేరు ఉండదు. ఏ నంబరు ఎవరిదో ఒక్క రిజిస్టరులోనే ఉంటుంది. ఆ రిజిస్టరు ఉన్న ఇనప్పెట్టెకి రెండు తాళాలు, ఒకటి డాక్టరమ్మ దగ్గర, ఒకటి చీటీ దగ్గర. ఇద్దరూ కలిసి తెరిచారు. డాక్టరమ్మ వేలితో గీతలు దాటుకుంటూ పోయి ఒకచోట ఆగింది. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. తర్వాత పుస్తకాన్ని చీటీ వైపు తిప్పింది.

రెండు వందల పదిహేడు ఆమె మొగుడు. రెండు వందల పద్దెనిమిది ఆమె అత్తగారు.

నర్సక్క పుస్తకం వైపు చూడకూడదు కాబట్టి చీటీ మొహం చూసింది. ఆ మొహంలో కావలసినంత కనిపించింది. “పోనీ యంత్రమే తప్పు చదివిందని రాసేస్తే?” అంది.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి రిజిస్టరు మూసింది.

సాయంత్రం లిఫ్టు ఇంటికొచ్చేసరికి చీటీ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. అతని తల్లి లోపల కుట్టుమిషను దగ్గర బడిపిల్లల చొక్కాలు కుడుతోంది. చుట్టుపక్కల వీధుల్లో సగం మంది పిల్లలు ఆవిడ కుట్టిన చొక్కాలే తొడుగుతారు.

“పోయినేడు మా ఆసుపత్రి హాల్లో రక్తం తీసుకున్న రోజు,” అంది చీటీ, “నువ్వు ఎన్నిసార్లు ఇచ్చావు?”

లిఫ్టు బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నవాడు అలాగే వంగి ఉండిపోయాడు.

“కుడి చెయ్యి ఒకసారి,” అన్నాడు చివరికి. “ఎడమ చెయ్యి ఒకసారి.”

మిషను ఆగింది.

ఆ రోజు హాల్లో రెండు వరుసలు. వచ్చిన మనిషి చేత పేరూ వయసూ పలికించి, మొహం చూశాకే నంబరు కాగితం ఇవ్వాలన్నది చీటీ తనకి తాను పెట్టుకున్న నియమం. అది ఇచ్చిన సమయం కూడా నిమిషాలతో సహా తన నోటుపుస్తకంలో రాసుకునేది. రెండు వందల పదిహేడో మనిషి వెళ్ళి, పావుగంటలో తిరిగొచ్చి, “అమ్మ తెర వెనక్కి వెళ్ళి కూర్చుందండి, ఆవిడ చీటీ ఇవ్వండి, నేనే అందిస్తాను,” అన్నాడు. అతని చొక్కా జేబుకి గ్రీజు అంటి ఉంది, నవ్వితే ఎడమ బుగ్గ సొట్ట పడుతోంది. చీటీ ఆ సొట్టనే చూస్తూ నంబరు కాగితం అతని చేతికిచ్చేసింది. మూడేళ్ళలో అలా ఇచ్చింది ఆ ఒక్కసారే.

“తెర వెనక ఎవరూ లేరు,” అన్నాడు లిఫ్టు. “అమ్మ అప్పటికే ఇంటికి వెళ్ళిపోయింది. రక్తం తీసేవాళ్ళు నంబరే చూస్తారుగా, రెండో వరుసలో నిలబడి ఎడమ చెయ్యి చాచాను. నాన్నా, మామయ్యా గుండెతోనే పోయారుగా, మన ఇంటి లెక్క వాళ్ళకి కావాలి కదా అనుకున్నాను. నా రక్తం ఆవిడదేగా అనుకున్నాను. పైగా...” అని ఆగాడు.

“పైగా?”

“పైగా, ఇంకోసారి నీ బల్ల దగ్గరికి రావచ్చనుకున్నాను.”

ఇంకో రోజైతే ఈ మాటకి ఆమె వారం రోజులు మురిసిపోయేది. ఇప్పుడు ఏడవాలో నవ్వాలో తెలియక చెంగు నోట్లో కుక్కుకుంది.

“ఎద్దులా పెరిగావు గానీ బుద్ధి లేదురా,” అంది లోపలి నుంచి తల్లి. “దాని ఉద్యోగానికే ఎసరు పెట్టావు.”

“నువ్వెందుకు పారిపోయావమ్మా మరి? రోజూ సూదితోనేగా నీ పని.”

ఆవిడ మిషను మీది చొక్కాని వేళ్ళతో సవరించింది. “సూదికి కాదు. మా తమ్ముడు ముప్ఫై తొమ్మిదికే పోయాడు. వాడికున్నది నాలోనూ ఉందని, నా నుంచే నీకూ వచ్చిందని తేలితే? ఇక నీకు అన్నం పెట్టేటప్పుడు నీ మొహం ఎలా చూడనురా?”

 చీటీ వెళ్ళి ఆవిడ పక్కన పీట మీద కూర్చుంది. “ఇవ్వనక్కర్లేదు అత్తయ్యా. ఇష్టం లేని వాళ్ళ దగ్గర ఒక్క చుక్క కూడా తీసుకోకూడదు. ఆ నంబరు కొట్టేస్తాం, అంతే.”

“మరి నిన్నేమంటారు?”

“జరిగింది చెప్తాను. ఆ తర్వాత వాళ్ళిష్టం.”

గురువారం కంప్యూటరు తెర మీద తొమ్మిది గళ్ళలో తొమ్మిది గదులు కనిపించాయి. సమావేశం నడిపేది ఒక నెరిసిన మీసాలాయన. అన్ని కేంద్రాల లెక్కలూ ఆయన చేతి మీదుగానే పోతాయి కాబట్టి లెక్కల మాస్టారంటారు. ఆయన దగ్గర ఒక పద్ధతుంది, ముందు తప్పులు, తర్వాత గొప్పలు. ప్రతి కేంద్రం మొదట తన తప్పు తనే చెప్పుకోవాలి. ఒకరు ఫ్రీజరు ప్లగ్గు పీకి కాఫీ కెటిల్ పెట్టామన్నారు. ఇంకొకరు ట్యూబుల పెట్టె పొరపాటున ఒక బూట్ల దుకాణానికి చేరిందన్నారు.

“నేను చెప్తానులే,” అంది డాక్టరమ్మ చిన్నగా.

“చీటీ ఇచ్చిన చెయ్యి నాది మేడమ్,” అని చీటీ కుర్చీ ముందుకి లాక్కుంది.

ఏ రోజు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి, మనిషి మొహం చూడకుండా ఎవరి చేతికి ఇచ్చిందో నోటుపుస్తకం తెరిచి చదివింది. ఎందుకు చూడలేదో కూడా చెప్పింది.  రెండు చేతులా రక్తమిచ్చిన ఆ మనిషి ఇప్పుడు తన భర్తే అని, ఈ సంగతి అందరి ముందూ చెప్పడానికి ఆయన ఒప్పుకున్నాడని చెప్పి, పుస్తకం మూసింది.

 డాక్టరమ్మ బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఇలాంటి జంట ట్యూబులు అన్ని కేంద్రాల్లో కలిపి ముప్ఫై ఒకటి దొరికాయమ్మా,” అన్నారు లెక్కల మాస్టారు. “ఫలానా నిమిషానికి ఇలా జరిగిందని చూపించగలిగింది మీరొక్కరే. ఆ నోటుపుస్తకం ఎవరు పెట్టమన్నారు?”

“ఎవరూ పెట్టమనలేదండి. చాదస్తం.”

మాస్టారు మీసాల చాటున నవ్వారు. “మీ ఆరు వందల ముప్ఫై తొమ్మిదీ మాకు కావాలి. ఆ చాదస్తం ఎలా చెయ్యాలో రెండు పేజీల్లో రాసి పంపండి. తొమ్మిది కేంద్రాలూ ఇకనుంచి అదే పాటిస్తాయి. ఏమంటారు, అందరూ?”

గళ్ళలో చేతులు లేచాయి. కాఫీ కెటిల్ గదిలో నుంచి ఎవరో, “ఆయన రెండో చేతికి మా నమస్కారాలు,” అన్నారు. అప్పుడు తెర మొత్తం నవ్వింది. నర్సక్క తలుపు వెనక నిలబడి ముక్కు చీదుకుంటోంది. డాక్టరమ్మ మాత్రం తెర వైపు చూస్తూ, “ఈ అమ్మాయి మా అమ్మాయి,” అంది, ఎవరూ అడగకపోయినా.

చీటీ ఇంటికి నడిచి రాలేదు, దాదాపు ఎగిరొచ్చింది. లిఫ్టు గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఆమె మొహం చూడగానే అతనికి ఇక అడగాల్సిన పని లేకపోయింది. అత్తగారు మాత్రం మొదటి నుంచి చివరి దాకా చెప్పించుకుంది. కొన్ని చోట్ల రెండేసిసార్లు చెప్పించుకుంది.

“అయితే తొమ్మిది ఊళ్ళ డాక్టర్లూ నా కోడలు రాసినట్టు చెయ్యాలన్నమాట.”

“చెయ్యాలి అత్తయ్యా.”

“అంతమంది ముందు నువ్వు తల ఎత్తుకుని నీ తప్పు చెప్పావు. నేనేమో నా రక్తంలో ఏముందో తెలుసుకోవడానికి భయపడి దాక్కుంటున్నాను.” ఆవిడ కొడుకు వైపు చూసింది. “నా నుంచే వచ్చిందని తేలితే?”

“తేలితే డాక్టర్లు నన్ను ముందు నుంచే కనిపెట్టుకుని ఉంటారమ్మా,” అన్నాడు లిఫ్టు. “మామయ్యని ఎవరూ కనిపెట్టుకుని లేరు.”

“తేలడానికి ఏళ్ళు పడుతుంది అత్తయ్యా,” అంది చీటీ. “అసలు తేలకపోవచ్చు కూడా. మీరు వద్దనుకుంటే...”

“వద్దని నేనన్నానా?” ఆవిడ చేతిలోని చొక్కా మడిచి పక్కన పెట్టింది. “రేపు ఏడున్నరకి నీతో వస్తున్నాను. ముందు కడుపు నిండా తింటాను, ఆ తర్వాతే ఏ చెయ్యి కావాలంటే ఆ చెయ్యి తీసుకోండి. వీణ్ణి మాత్రం పొద్దున్నే పనికి పంపించెయ్. నేను కళ్ళు తిరిగి పడితే చూసి నవ్వుతాడు.”