ఒంటిచేతి ఆట

"ఆ కంచం తీసేసి తొరగా రా. ఒచ్చి నా పక్కన కూకో. కెమెరాలో మాత్రం పడకు" అన్నాడు మా బావ.

అన్నవాడు కుర్చీలోంచి లేవలేదు. భావనపాడు రేవు నుంచి పొద్దున్నే వచ్చిన చేపలతో నేను పెట్టిన పులుసు తిన్నాడు. ముళ్ళన్నీ తీసి కంచం చుట్టూ బల్ల మీద పెట్టాడు. ఆ కంచంలోనే చెయ్యి కడిగాడు. పసుపుపచ్చ నీళ్ళలో మెతుకులూ, కరివేపాకూ, చేప తోలూ తేలుతున్నాయి. ఈపాటికి అలవాటైపోవాలి. కాలేదు. ఆ కంచం ఎత్తిన ప్రతిసారీ మొహం పక్కకి తిప్పుకుంటాను. పెళ్ళైన కొత్తలో ఒకసారి "సింకు పక్కనే ఉంది కదా బావా" అన్నాను. "మా నాన్న ఇలాగే కడిగీవోడు. మా యమ్మ ఏనాడైనా మూతి తిప్పిందేటి?" అన్నాడు. మామగారు ఈశ్వరరావుగారు పోయారు. ఆయన అలవాటు మాత్రం మందస పక్కన ఉన్న మా ఊరి నుంచి కాశీబుగ్గలోని ఈ అద్దెయింటికి సామానుతోపాటే వచ్చింది.

నీళ్ళు ఒలకకుండా కంచం ఎత్తి, ముళ్ళు ఏరి, బల్ల తుడిచాను. అదే బల్ల మీద ఇంకాసేపట్లో మీటింగు. వేరే దేశం నుంచి మార్గిట్ అనే ఆవిడ మాట్లాడుతుంది. బావ కొత్త చొక్కా తొడిగాడు. వెనకాల కర్టెన్ మార్పించాడు. లాప్‌టాప్ వెనక, తన కోచింగ్ సెంటర్ నుంచి తెచ్చిన పెద్ద తెర పెట్టాడు. నేను స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో టైపు చేస్తే, ఆ అక్షరాలు ఆ తెర మీద పడతాయి. ఆయన వాటిని చూసి చదువుతాడు. నిన్న రెండుసార్లు రిహార్సల్ కూడా చేశాం.

"స్పెల్లింగులు తప్పుల్లేకుండా కొట్టు. పెద్ద పెద్ద మాటలు వాడకు. నోరు తిరగదు" అన్నాడు.

ఆవిడ అడగబోయేదంతా నా పని గురించి.

కెస్ట్రల్ అనేది అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. మడత విప్పితే పైన తెర, కింద బుల్లి కీబోర్డు, రెండు పక్కలా ఆటల బటన్లు. తయారుచేసిన వాళ్ళు దాని లోపలి డిజైన్లూ ప్రోగ్రామూ అన్నీ అందరి ముందూ పెట్టేశారు. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు, ఆ మార్పును నలుగురికీ పంచవచ్చు. విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నప్పుడు నా జీతంతో కొనుక్కున్నాను. పెళ్ళై వచ్చేటప్పుడు చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నాను. బావ దాన్ని చూసి, "పిల్లలాడుకునీది. నీకెందుకే ఇది?" అని నవ్వి, బీరువా మీదికి విసిరాడు. విరగలేదు. గట్టి పిండం.

ఆ తర్వాత అత్తకి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఈ మాట వింటే ఎవరూ ఉలిక్కిపడరు. ఎప్పటి నుంచి అని మాత్రం అడుగుతారు. కొబ్బరితోట కౌలుకిచ్చి, అత్తను తీసుకుని పలాసని ఆనుకునే ఉన్న ఈ కాశీబుగ్గకి వచ్చేశాం. వారంలో సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. పొద్దున్న మొదలైతే నాలుగు గంటలు. ఎడమ చేతికి సూదులు, రక్తం బయటికెళ్ళి మళ్ళీ లోపలికొచ్చే గొట్టాలు. కుడి చెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చేత్తో అత్త నా ఎడమ చెయ్యి పట్టుకుంటుంది. కాళ్ళలో నరాలు పట్టేసినప్పుడు ఎంత గట్టిగా నొక్కుతుందంటే నా గాజులు చర్మంలో అచ్చు పడతాయి. గాజులు తీసి వెళ్తే, "మొగుడున్నదానివి, బోసి సేతుల్తో ఒత్తావేటి?" అంటుంది. వదిలించుకుందామని చూస్తే కళ్ళు తెరుస్తుంది. "ఎక్కడికెల్తావే? ఇక్కడే కూకో."

అలా నాకు కుడి చెయ్యి మాత్రం మిగిలింది. ఆ ఒక్క చేత్తో కెస్ట్రల్ మీద ఆడలేం. అది రెండు చేతులున్న వాళ్ళ కోసం చేసిన వస్తువు. రెండు చేతులూ తమవే అయిన వాళ్ళ కోసం. బావ సెంటర్లో పారేసిన టీవీ రిమోట్ల నుంచి బటన్లు పీకాను. ప్లాస్టిక్ డబ్బా మూత కోసి కెస్ట్రల్ వెనక అతికించి, దాని మీద వాటిని అమర్చాను. బొటనవేలితో ముందున్న బటన్లు, మిగతా వేళ్ళతో వెనకున్న బటన్లు. ఆట మొత్తం కుడి చేతిలోకి వచ్చేట్టు ప్రోగ్రాం తిరగరాశాను. అన్నం ఉడికే లోపు కొంత, అత్త నిద్రలేచే లోపు కొంత. మొదటిసారి ఆ తెర మీద ఆటలోని కప్ప ఒక ఆకు మీది నుంచి ఇంకో ఆకు మీదికి ఎగిరినప్పుడు, అత్త కూడా తల తిప్పి చూసింది. "ఓలమ్మా, ఎగిరీసిందే! మల్లీ ఎగిరించు" అంది. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

కెస్ట్రల్ వాళ్ళకి ఒక చర్చావేదిక ఉంది. తర్వాతి వెర్షన్‌లో ఏమేం ఉంటే బాగుంటుందో అక్కడ ఎవరైనా రాయవచ్చు. నా దగ్గర చాలా ఉన్నాయి. గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ అవే ఆలోచించేదాన్ని. మా సముద్రపు గాలికి బటన్ల కింద రాగి పచ్చబడిపోతుంది, దానికి మూత కావాలి. బ్యాటరీ ఎవరికి వాళ్ళు మార్చుకునేట్టుండాలి. తెలుగు అక్షరాలు వత్తులూడిపోకుండా కనబడాలి. అన్నిటికంటే ముందు, ఒంటి చేత్తో ఆడే ఏర్పాటు పుట్టుకతోనే ఉండాలి. మూతలు కోసి అతికించుకునే పని ఇంకెవరికీ ఉండకూడదు. ఇవన్నీ రాసి, ఫొటోలు తీసి, పెట్టబోతుంటే బావ నా భుజం మీద నుంచి చూశాడు.

"నీ పేరునెందుకు? ఆడదని తెలిస్తే ఎవడెవడో మెసేజులెడతాడు. నా పేరున ఎట్టు. మనిద్దరం వేరేటి?"

పెట్టాను. ఆ మాటలో ప్రేమ ఉందేమో అనుకున్నాను కూడా.

జవాబులు వస్తూనే ఉన్నాయి. పక్షవాతం వచ్చిన వాళ్ళు, చెయ్యి తెగిన వాళ్ళు, చంటిపిల్లని ఎత్తుకున్న తల్లులు రాశారు. "లోకనాథ్, నువ్వు దేవుడివి" అని ఎవరో రాస్తే బావ అది సెంటర్లో అందరికీ చూపించాడు. కాశీబుగ్గలో ఒక సంఘం వాళ్ళు ఇంటికొచ్చి శాలువా కప్పారు. నేను లోపల ఉప్మాకి జీడిపప్పు వేయిస్తున్నాను. ఆ సంఘం ప్రెసిడెంటు పోలారావు గారు వంటింట్లోకి తొంగి చూసి, "అమ్మా, మీ ఆయన బుర్రే బుర్ర. నువ్వు అదృష్టవంతురాలివి. ఉప్మా ఇంకొంచెం ఎట్టు" అన్నారు. పెట్టాను. మర్నాడు సెంటర్ ముందు నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. అంతర్జాతీయ ఆవిష్కర్త, మన లోకనాథ్. ఫొటోలో బావ కెస్ట్రల్‌ని రెండు చేతులతో పట్టుకుని నవ్వుతున్నాడు. ఒంటిచేతి యంత్రాన్ని రెండు చేతులతో! దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా ఆ మనిషికి తెలీదు. బజారుకెళ్ళినప్పుడల్లా ఆ ఫ్లెక్సీ కింద నుంచే నడవాలి. చెప్పు కింద ఏదో తొక్కినట్టుండేది.

అన్నిటికంటే అసహ్యం ఇంకొకటి. డయాలసిస్ దగ్గర పక్క మంచం గంగమ్మతో అత్త, "మా వోడు కనిపెట్టినాడు, పేపర్లో ఏస్తారట" అని చెబుతోంది. చెబుతున్నంతసేపూ ఆవిడ చేతిలో నా చెయ్యి ఉంది. నా రెండో చేతిలో కెస్ట్రల్ ఉంది. గంగమ్మ నా చేతి వైపు చూసింది, అత్త మొహం వైపు చూసింది, గోడ వైపు తిరిగి పడుకుంది.

పోయిన వారం కెస్ట్రల్ కంపెనీ నుంచి మార్గిట్ ఉత్తరం వచ్చింది. తర్వాతి వెర్షన్‌లో ఒంటిచేతి ఏర్పాటు ఖాయమట. దాన్ని కనిపెట్టిన మనిషి తమ డిజైన్ బృందంలో చేరాలట. ఇంట్లో కూర్చునే పని, జీతం కూడా ఉంది. అయితే ముందు ఒకసారి మాట్లాడి చూస్తారట. ఆ ఉత్తరం నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. బావ ఒక్కసారే చదివాడు.

"ఉజ్జోగం నాకొత్తాది, పని నువ్వు సేత్తావు. ఇంటో కూకుని సేసీదే కదా, నీకేటి కష్టం?"

మీటింగు మొదలైంది. మార్గిట్‌కి తెల్లజుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడుతుంది. బటన్ల గురించి అడిగింది. నేను కొట్టాను. బావ చదివాడు. ప్రోగ్రాం గురించి అడిగింది. కొట్టాను. చదివాడు. తను చదువుతున్న దాంట్లో సగం ఆయనకి అర్థం కావడం లేదని నాకు తెలుసు. ఉచ్చారణ మీదే ధ్యాసంతా. మధ్యలో బల్ల కింద నుంచి కాలితో నన్ను పొడుస్తున్నాడు, తొందరగా కొట్టమని. ఆ బొటనవేలు నా మోకాలికి తగిలినప్పుడల్లా ఒళ్ళు జలదరించింది.

అప్పుడు మార్గిట్ కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది.

"ఇది ప్రశ్న కాదు, నా కుతూహలం. ఇలాంటిది ఊరికే పుట్టదు. మీరు దీన్ని చేస్తున్నప్పుడు మీ రెండో చెయ్యి ఏం చేస్తూ ఉండేది?"

బావ తెర వైపు చూశాడు. తెర ఖాళీగా ఉంది. కాలితో పొడిచాడు.

నా వేళ్ళు ఆగిపోయాయి. ఇన్నాళ్ళలో ఒక్కరైనా అడిగారా ఆ మాట? అబద్ధం చెప్పడం ఎంత తేలికో! క్రికెట్లో దెబ్బ తగిలిందని రాస్తే చదివేస్తాడు. ఉద్యోగం వస్తుంది. ఆ జీతం ఆయన ఖాతాలో పడుతుంది. నేను ఈ స్టూలు మీద, కెమెరాలో పడకుండా, ఎన్నేళ్ళైనా కూర్చోవచ్చు. తర్వాతి వెర్షన్, ఆ పై వెర్షన్, అన్నీ ఇలాగే. మోకాలి మీద మళ్ళీ పొడిచాడు.

టైపు చేశాను.

బావ వార్తలు చదివేవాడిలా గొంతు సవరించుకున్నాడు. "నా ఎడమ చేతిని మా అత్తగారు పట్టుకుని ఉండేవారు" అని ఇంగ్లీషులో స్పష్టంగా చదివాడు. "ఆమెకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆమె కొడుకు ఇంతవరకూ ఒక్కరోజు కూడా వచ్చి ఆమె పక్కన కూర్చోలేదు. అందువల్ల నాకు ఒక్క చెయ్యే..."

అక్కడ ఆగాడు. కింద ఇంకో వాక్యం ఉంది, 'ఆ కొడుకే ఇప్పుడు దీన్ని చదువుతున్నాడు' అని. దాన్ని మనసులో చదువుకున్నాడు.

"అయ్యో పాపం, మీ భార్య తల్లిగారా?" అంది మార్గిట్. "ఆవిడ కొడుకు అంత దుర్మార్గుడా?"

బావ మైకు ఆపానని అనుకున్నాడు. ఆపలేదు. నా వైపు తిరిగి పళ్ళ మధ్య నుంచి, "ఏటే ఇది? ఏటి సేత్తన్నావు? నా పరువు తీత్తావా?" అన్నాడు.

"నువ్వే సదివావు కదా బావా."

"అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" అంది మార్గిట్.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి అత్త కేక. "యామినీ! కాళ్ళు పీకేత్తన్నాయే! రాయే!"

బావ మొహంలోకి ప్రాణం లేచొచ్చింది. "ఎల్లు. అమ్మ పిలుత్తంది, ఎల్లు. ఈవిడకి నేను ఏదో ఒకటి సెప్పుకుంటాను."

నేను లేచాను. అలవాటు కాళ్ళలో ఉంటుంది. లోపలి గది వైపు రెండడుగులు వేశాను కూడా. ఆ రెండడుగులు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత. అక్కడ ఆగాను. వెనక్కి వచ్చాను. ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను. లాప్‌టాప్ మీద మూలనున్న చిన్న చదరంలో, బావ తల పైన, నా మొహం కనిపించింది. నుదుటి మీద పసుపు, కొప్పులోంచి జారిన జుట్టు.

"నువ్వెల్లు బావా. నాకు మీటింగుంది" అన్నాను.

కదల్లేదు. మార్గిట్ చూస్తోంది. చూస్తోందని ఆయనకి తెలుసు. దేశం కాని దేశం మనిషి ముందు పెళ్ళాం మీద చెయ్యెత్తడానికి ఆయనకు ధైర్యం చాలదని నాకు తెలుసు. లోపల అత్త మళ్ళీ అరిచింది. కుర్చీ కిర్రుమంది. నా పక్క నుంచి వెళ్తూ, "నీ సంగతి తరవాత సెప్తాను" అన్నాడు. ఆ మాట కూడా మైకులో పోయింది. మార్గిట్‌కి తెలుగు రాదు కానీ ఆ గొంతు అర్థమైందనుకుంటాను. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

కుర్చీలో కూర్చున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. ఆ వేడి నాకు అసహ్యమనిపించి ముందుకు జరిగాను.

"నా పేరు యామిని" అన్నాను. "ఆ మూత కోసింది నేను. ప్రోగ్రాం రాసింది నేను. నమ్మకం లేకపోతే ఏదైనా అడగండి."

అడిగింది. చాలాసేపు అడిగింది. నేను ఒకచోట తడబడ్డాను, ఒకచోట ఆవిడతో వాదించాను. వెనక బటన్లు రెండు చాలని ఆవిడ, మూడు ఉండి తీరాలని నేను. చివరికి ఆవిడ మూడు అని రాసుకుంది. సముద్రపు గాలి గురించి చెబితే, "మేమంతా పొడిగాలి వీచే చలిదేశం వాళ్ళం, మాకు తట్టనే లేదు" అని నవ్వింది.

లోపలి గదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి. "నువ్వేట్రా? అదేదీ?" "పనుంది దానికి." "నీకు సేతకాదురా నాయనా... అక్కడ కాదు, పిక్క, పిక్క! గట్టిగా పట్టు. అదైతే ఇలా దూది నొక్కినట్టు నొక్కదు." కాసేపటికి అత్త గొంతు తగ్గింది. "సేతులు నీ నాన్న సేతుల్లాగే ఉన్నాయిరా" అంది.

"చివరి ప్రశ్న" అంది మార్గిట్. "ఉద్యోగం మీదేనని మీకు తెలిసిపోయే ఉంటుంది. పత్రాలు మీ పేరునే పంపిస్తాను. ఇప్పుడు చెప్పండి, తర్వాతి వెర్షన్ మీ కోసమే చేస్తున్నామనుకోండి. అందులో మీరు కోరుకునేది ఏమిటి?"

గిన్నెలు తోముతూ పోగేసుకున్నవన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. మూత, బ్యాటరీ, తెలుగు వత్తులు. అవన్నీ తర్వాత చెప్పొచ్చు. లోపలికి వినబడేట్టు, ఆయనకి అర్థమయ్యేంత తేలికైన ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను.

"ఒంటిచేతి ఏర్పాటు ఉండనివ్వండి, అవసరమైన వాళ్ళు చాలామంది ఉన్నారు. నా కోసమైతే అది అక్కర్లేదు. ఈ శుక్రవారం నుంచి మా అత్తగారి పక్కన ఆవిడ కొడుకు కూర్చుంటాడు."