గుంటూరు మ్యాపు

పుష్పకు భూగోళం అంటే చిన్నప్పటి నుంచీ పడదు. డిగ్రీ గట్టెక్కింది గానీ, ఉత్తరం ఎటు అంటే ఇప్పటికీ సూర్యుడి కోసం వెతుక్కునే మనిషి. అలాంటిది అక్క పిల్లలిద్దరికీ సోషల్ చెప్పే పని ఆమె నెత్తిన పడింది. కరోనా ఏడు బడి మానిన ఆ పిల్లలు తర్వాత తల్లి సుగుణమ్మతో కలిసి సుగ్గికి తిరిగారు. కోతల కోసం ఊళ్లొదిలి పోవడాన్ని వాళ్ల వైపు సుగ్గి అంటారు. ఇప్పుడు సంతోష్‌కు మీసాలు వచ్చాయి, మేరి అన్న భుజం దాటింది. చిన్నపిల్లల మధ్య బెంచీ మీద కూర్చోమంటే ఇద్దరూ ససేమిరా అన్నారు. అందుకే ఎమ్మిగనూరులో అద్దె ఇంటి వసారాలో, చిన్నమ్మ పుష్ప కుట్టుమిషన్ పక్కనే, ఓపెన్ స్కూలు పదో తరగతికి చదువు సాగుతోంది.

పుస్తకాల కోసం పుష్ప ఆదోని వెళ్లింది. అంగడి గోవిందన్న ఓ గైడు తీసి చేతిలో పెట్టాడు.

"పాస్ కావల్లంటే ఇది సాలు తల్లీ. మ్యాపులో గుర్తు పెట్టే నదులు, కొండలు అన్నీ దీంట్లోనే ఉండాయి."

"గుంటూరు జిల్లా మ్యాపు గూడా కావల్లన్నా. ఊర్లన్నీ ఉండేది."

"పదో తరగతికి గుంటూరు ఎందుకమ్మా? ఆడ సంబంధమేమన్నా సూసినారా?"

పుష్ప నవ్వబోయి ఊరుకుంది. ఆ మ్యాపు అడిగింది సంతోష్. తండ్రిని పూడ్చిన ఊరు ఎక్కడుందో చూడాలట వాడికి.

కరోనా ఏడు సుగుణమ్మతో కలిసి మిరపకాయలు తెంపడానికి పోయిన వాళ్ల నాయన అబ్రహాం జ్వరమొచ్చి చేలోనే కన్నుమూశాడు. దారులన్నీ మూసేసిన రోజులు. ఇంటికి తెచ్చే దిక్కులేక కాలవ గట్టునే పూడ్చిపెట్టారు. అవ్వ దగ్గరున్న పిల్లలకు కడసారి చూపు కూడా దక్కలేదు. ఊరి పేరేమిటని అడిగితే సుగుణమ్మ "గుంటూర్లో ఏందో పాలెం" అంటుంది. అందరినీ లారీలో తోలుకుపోయిన మేస్త్రీ ఉచ్చీరప్ప కూడా ఆ మరుసటి ఏడే పోయాడు. పరీక్షలవగానే ఆ పాలెం వెతుక్కుంటూ వెళ్లి, నాయన సమాధి మీద సిలువ నాటాలని సంతోష్ పంతం. అది తప్ప వాడికి చదువు మీద వేరే ఆశ కూడా లేదు.

గోవిందన్న దుమ్ము దులిపి పాత గుంటూరు జిల్లా మ్యాపు తెచ్చాడు. "ఇంకా పెద్దది ఉండాది, తెలంగాణా మనదీ కలిసినప్పటిది. అది తీస్కపో, అన్నీ కనపడ్తాయి" అన్నాడు.

"వద్దన్నా, మాకు గుంటూరు సాలు" అంది పుష్ప.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక మ్యాపును వసారాలో పరిచారు. సంతోష్ బోర్లా పడుకుని పాలేలు వెతకడం మొదలుపెట్టాడు. వెతికే కొద్దీ పాలేలే. చివరికి విసుగొచ్చి తల్లిని పిలిచాడు.

"మా, దావలో ఏమేం సూసినావో సెప్పుమా."

సుగుణమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "లారీకి పట్ట కప్పినారు గదప్పా, ఏం కనపడ్తాది! తెల్లారి కిట్నమ్మ వంతెన మీద ఆపినారు. అందరూ నీళ్లల్లో రూపాయిలు ఏస్తాంటే మీ నాయన గూడా ఏసినాడు. యేసయ్య సూస్తాండాడు అంటి. పిల్లోల్లు బాగుండల్లని ఏసినాలేమే అనె." ఆమె నవ్వింది. భర్త మాట వచ్చినప్పుడు ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో. "వంతెన దాటినాక గూడా శానా దూరం పోయినాం."

మేరి మ్యాపు పైఅంచున నీలం గీత మీద వేలు పెట్టింది. పోయిన వారమే చదువుకున్న పాఠం అది.

"మా, గుంటూరుకు పోవల్లంటే మనం కృష్ణ దాటే పనే లేదు. జిల్లా అంతా నదికి ఈ పక్కనే ఉండాది."

నదికి ఆ పక్కన ఉన్నది తెల్ల కాగితమే. పుష్పకు అప్పుడు తట్టింది. తమ ఊళ్లలో మిరపచేలకు ఎవరు ఎటు పోయినా గుంటూరు పోయినారనే అంటారు. ఖమ్మం పోయినా అదే మాట. ఇన్నేళ్లూ తనూ అదే నమ్మింది. ఇప్పుడు నది అవతల ఏ జిల్లాలో, ఎన్ని పాలేల్లో వెతకాలి? ఎవరిని అడగాలి? సంతోష్ వేలు ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది.

"అంటే ఆయప్ప గుంటూర్లో లేడా?" అంది సుగుణమ్మ.

మేరి మ్యాపు మీది వేలు వెనక్కి తీసుకుంది.

"ఆదోని బస్టాండులో గుంటూరు బస్సు కనపడితే సాలు, దాని మీద సెయ్యేసి సెప్పుకుంటాంటిని పుష్పా. పిల్లోల్లు బాగుండారు, సదువుకుంటాండారు, ఆయప్పకు సెప్పుపో అని. ఇన్నేండ్లూ సెప్పింటి." ఆమె చెల్లెలి వైపు తిరిగింది. "ఆ బస్సు ఆయప్ప కాడికి పోదా?"

పుష్ప అక్క చేయి పట్టుకుంది. అబద్ధం చెబుదామని చాలా చూసింది, నోరు రాలేదు.

"పోదక్కా" అంది.