రెండు తెల్లకోళ్ళు, తొమ్మిది నల్లపిల్లలు

మా అక్క శౌరమ్మ ఏటా చర్చిలో కోతల పండక్కి తెల్లకోళ్ళ జత ఇస్తుంది. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. భవానీపురంలో ఆ కోళ్ళకున్న పేరు పాస్టరు గారి ప్రసంగాలకు లేదు.

ఈసారి పొదిగిన తొమ్మిది పిల్లలూ నల్లగా పుట్టాయి.

కారణం నాకు తెలుసు. అక్క తన కూతురి పురిటికి వెళ్తూ పుంజును నాకు అప్పగించింది. నేను గంప సరిగా మూయలేదు. కుక్క ఎత్తుకుపోయింది. మర్నాడు ఆటోనగర్ రోడ్డు పక్కన అదే ఎత్తు, అదే తెలుపు ఉన్న పుంజును కొనుక్కొచ్చి గంప కింద పెట్టాను. నేను అబద్ధం చెప్పలేదు, ఏమీ చెప్పలేదంతే. ఆ రెండూ వేరని రెండు నెలలుగా నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నాను.

అక్క మాత్రం పక్కింటి అలీ నల్లపుంజును అనుమానించింది. "గోడ దూకింది అదే! ఆదివారం కోయించకపోతే చూడు!"

రెండు తెల్లకోళ్ళకి నల్లపిల్లలు ఎలా పుడతాయో అడుగుదామని నేను పశువుల డాక్టరు క్రిస్టినా గారి దగ్గరికి పరుగెత్తాను.

"రంగు రావాలంటే రెండు మెట్లు ఎక్కాలనుకోండి," అన్నారావిడ. "ఒక కోడికి మొదటి మెట్టు లేదు, ఇంకోదానికి రెండోది లేదు. చూడ్డానికి రెండూ తెలుపే. పిల్లకి మాత్రం ఒకటి తల్లిచ్చింది, ఒకటి తండ్రిచ్చింది. రంగొచ్చేసింది. ఇన్నాళ్ళూ తెల్లవే పుట్టాయంటే, ఈమధ్య పుంజుని మార్చారాండీ?"

నేను నమస్కారం పెట్టేసి గబగబా బయటపడ్డాను. ఇంట్లో తొమ్మిది పిల్లలూ నా కాళ్ళ చుట్టూ తిరుగుతుంటే సాక్షులు చుట్టుముట్టినట్టు అనిపించింది.

ఆదివారం పొద్దున్నే అలీ తన నల్లపుంజును చంకలో పెట్టుకుని వచ్చాడు. అక్క కత్తి నూరుతోంది. పుంజు నావైపు ఒంటికన్నుతో చూసింది.

"ఆపక్కా! దాని తప్పేం లేదు. నీ పుంజుని కుక్క తినేసింది. ఇప్పుడున్నది నేను కొన్నది."

అక్క కత్తి పక్కన పెట్టింది.

"నా పుంజుకి కుడికాలి వేలు వంకర. దీనికి లేదు. ఊర్నించి వచ్చిన రోజే చూశాన్రా జోయెలూ."

"మరి అలీ భాయ్‌ని ఎందుకన్నావ్?"

"నీ నోట్లోంచి ఎప్పుడొస్తుందోనని."

అలీ నవ్వాపుకోలేకపోయాడు. "నాకు ముందే చెప్పారు లెండి. కత్తి కూడా మాదే."

"మరి పిల్లలు నల్లగా ఎట్టా పుట్టాయో అది నాకూ తెలీదు," అంది అక్క. నేను రెండు మెట్ల సంగతి చెప్పాను. "బాగుంది. ఈ ఏడు నల్లవే ఇస్తా. చర్చిలో అడిగినోళ్ళకి నువ్వే చెప్పుకో."

పండగనాడు వేలం దగ్గర నిలబడి అడిగిన ప్రతి ఒక్కరికీ రెండు తెలుపుల సంగతి ఓపిగ్గా వివరించాను. అందరూ శ్రద్ధగా విన్నారు, తలలూపారు. ఇంటికి వెళ్తూ మాత్రం ఒక్కొక్కరే మా వీధిలో ఆగి, అలీ వాళ్ళ గోడ ఎత్తెంతో చూసుకుని మరీ కదిలారు.