రాజుగారి పాకలో మోకు

తాగి చెట్టెక్కాడు కాబట్టే పడ్డాడని ఊరంతా వీరబాబుని తిట్టిపోస్తోంది. కాదని చెప్పగలిగిన మనిషి ఒక్కడే, జగపతిరాజు గారు. ఆయన మాత్రం నెల రోజులుగా నోరు మెదపలేదు. ఏం మనిషండీ!

రాజుగారి కొబ్బరితోటలో రెండు రోజుల దింపు, అంటే చెట్లెక్కి కాయలు దించే పని. మొదటి రోజు పని కాగానే వీరబాబు తన మోకుని, అంటే నడుముకీ చెట్టుకీ కలిపి చుట్టుకునే తాడుని, ఆయన పాకలోనే తగిలించి వెళ్లాడు. ఆ సాయంత్రం రొయ్యల చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ బోల్తాపడింది. రాజుగారు చేతికందిన ఆ మోకే కట్టి, గట్టు సిమెంటు అంచు మీదుగా బరబరా లాగించారు. ఒక పురి తెగింది. కళ్లారా చూశారు. పొద్దున్నే చెబుదాంలే అనుకుని, తెగిన చోటు లోపలికి మడిచి యథాస్థానంలో తగిలించేశారు. తెల్లారి ఆయన కాఫీ తాగుతుండగానే తోటలోంచి కేక వినబడింది.

ఇవాళ అరటిపళ్ల అత్తం పట్టుకుని చూడ్డానికొచ్చారు. నడుం విరిగిన వీరబాబు మంచం మీదున్నాడు. భార్య పెద్దింట్లమ్మ టీ ఇచ్చింది.

"రోజూ తాడుని కాలికింద తొక్కిపట్టి, రెండు చేతులా లాగి చూసేకే ఎక్కేవోడండి. తాగకపోతే ఆ రోజెందుకు చూడలేదో మీరే అడగండి!" అందామె.

"తాగలేదే," అన్నాడు వీరబాబు నీరసంగా. "మా ఇంట్లో ఉన్నదైతే చూసేవోణ్ణండి. రాజుగారి పాకలో ఉన్న తాడుకేమవుద్దిలే అనుకున్నానండి."

రాజుగారు నోటి దగ్గరి టీ గ్లాసు దించేశారు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"వీరబాబూ, ఆ తాడు పాడుచేసింది నేనేరా. ఏరియేటర్ లాగించాను. తెగిందని తెలిసీ చెప్పలేదు."

తిడతాడనుకున్నారు. తిడితే బాగుండుననుకున్నారు. వీరబాబు కళ్లనిండా నీళ్లతో భార్యవైపు తిరిగాడు.

"విన్నావా? తాగలేదని చెప్పానా లేదా?"

పెద్దింట్లమ్మ మొగుడి తల నిమిరి, రాజుగారి చేతిలోని టీ గ్లాసు తీసేసుకుంది.

"బయట అరుగు మీద నలుగురున్నారండి. వాళ్లక్కూడా చెప్పండి."

రాజుగారు లేచారు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి, అరుగు మీదికి వెళ్లి, వాళ్ల ముందు తలొంచుకుని నిలబడ్డారు.