బావ చూసిన పని

"అంతా మంచిగనే ఉన్నది మేడం."

బోధన్ అవతల చెరకు చేల మధ్య ఆత్మారాం గారు పెట్టిన ఫ్లయింగ్ స్కూల్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఈ ఒక్క ముక్కే వింటున్నాను. నా పని విమానాలను చూడటం కాదు, వాటిని బాగుచేసే మనుషులను చూడటం. అలసిపోయి పనిచేస్తున్నారా, తప్పు జరిగితే చెప్పుకుంటారా, పెద్దవాడు పొరపాటు చేస్తే చిన్నవాడు నోరు తెరవగలడా, ఇవన్నీ కనుక్కుని బీమా కంపెనీకి చెప్పాలి. ఇక్కడ ఎవరిని ఏమడిగినా నవ్వి, చాయ్ తెప్పించి, "నిజామాబాద్‌ల మీది ఏ గల్లీ మేడం, ఎవరి బిడ్డవు?" అని నన్నే అడుగుతారు. ఇంటి గుట్టు లంకకు చేటని వీళ్లకు పుట్టుకతోనే నేర్పినట్టుంది. నాకు ఒళ్లు మండిపోతోంది.

రేకుల షెడ్డుకు పెద్ద మధుకర్. బేగంపేటలో ఏళ్ల తరబడి విమానాలు విప్పి బిగించిన మనిషి. పనితనంలో వంక పెట్టడానికి లేదు, నేనూ చూశాను. ఆయన కింద సాయిరాం. ఆయన భార్యకు తమ్ముడు. రెక్కలను, తోకను కదిలించే కేబుళ్లను ఎప్పుడు విప్పి బిగించినా, బిగించినవాడు కాకుండా ఇంకొకడు మొదటి నుంచి మళ్లీ చూడాలన్నది విమానాల లోకంలో అందరికీ తెలిసిన నియమం. ఇక్కడ ఆ ఇంకొకడు సాయిరామే.

"మీ బావగారి పనిలో ఎప్పుడైనా తప్పు దొరికిందా?" అని అడిగాను.

"బావ పనిల నేను తప్పు పడ్తనా మేడం?" అన్నాడు, నేనేదో అనరాని మాట అన్నట్టు.

"మరి రెండోసారి చూసేది ఎందుకు?"

"రూలు గద. సంతకం పెడ్త."

"చూసి పెడతారా, చూడకుండానా?"

"బావ సూసినంక ఇగ నేను సూసుడేంది? ఆయన మా ఇంటి అల్లుడు. నన్ను గీ నౌకరీల పెట్టిచ్చిందే ఆయన. ఆయన బిగించిన బోల్టు మీద నేను చెయ్యేస్తే, ఆయన మీద నమ్మకం లేదన్నట్టే గద."

ఈ మాట పట్టుకుని ఆత్మారాం గారి దగ్గరికి వెళ్లాను. ఆయనకు వర్ని రోడ్డులో రైస్ మిల్లు కూడా ఉంది. ఆయన దృష్టిలో విమానం కూడా ఒక మిషనే.

"ఇంటోళ్లు మేడం, ఒకల మీద ఒకలకు బరోసా ఉంటది. బయటోళ్లయితే రోజు కొట్లాడుకుంటరు," అన్నారు.

"నాకు ఆ కొట్లాడుకునేవాళ్లే కావాలి సార్."

ఆయన నవ్వి ఇంకో చాయ్ చెప్పారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ అడిగేదాన్ని నేనే లోకువైపోయాను.

మర్నాడు పొద్దున రెండు సీట్ల చిన్న విమానం ఒకటి బయటికి వచ్చింది. రెక్కల కేబుళ్లు పాతబడితే కొత్తవి వేశారు. మధుకర్ ఆ పని చేస్తున్నంతసేపూ ఆత్మారాం గారు ఫోన్ చేస్తూనే ఉన్నారు, మంచి గడియ దాటిపోతుందని. పాత కేబుళ్లకు ఏది ఎటో తెలిసేలా రంగు గుర్తులుండేవి, కొత్తవాటికి లేవు. ఇవన్నీ నేను చూసి చెప్పినవే, ఎవరి చెవికీ ఎక్కనివే.

మొదటిసారి పైకి తీసుకెళ్లేది హర్షిణి. మధుకర్ కూతురు, ఇక్కడే కుర్రాళ్లకు విమానం నడపటం నేర్పుతోంది. మెకానిక్ బిడ్డ పైలట్ అయిందని బోధన్ అంతా చెప్పుకుంటారు. విమానం ముక్కు మీద కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. సాయిరాం సంతకం అప్పటికే అయిపోయింది. "చూశారా?" అని అడిగితే, "బావ సూసిండు మేడం," అన్నాడు.

బయల్దేరే ముందు పైలట్ స్టిక్కును అటూ ఇటూ తిప్పి, రెక్కల అంచున ఉండే పలకలు సరిగ్గా కదులుతున్నాయో లేదో కళ్లతో చూసుకోవాలి. స్టిక్కు ఎడమకు వంచితే ఎడమ రెక్క మీది పలక పైకి లేవాలి. అప్పుడే విమానం ఎడమకు ఒరుగుతుంది. హర్షిణి స్టిక్కు తిప్పింది. కళ్లు మాత్రం హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ తండ్రి మీద ఉన్నాయి. అద్దంలోంచి ఆమె చెయ్యి ఎడమకు వంగటం కనబడింది. ఎడమ రెక్క మీది పలక కిందికి దిగింది.

నేను ముందు నన్నే అనుమానించాను. ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారవుతాయి కదా. గబగబా తోక వెనక్కి వెళ్లి, ఆమె చూస్తున్న వైపే తిరిగి నిలబడ్డాను. వెనక అద్దంలోంచి చూస్తే ఆమె చెయ్యి కుడికి వంగింది. కుడి పలక కిందికి దిగింది. కేబుళ్లు అటువి ఇటు, ఇటువి అటు పడ్డాయి. గాల్లోకి లేచాక గాలి ఒకవైపు తోస్తే ఈ పిల్ల రెండోవైపు సర్దబోతుంది, విమానం ఇంకా అటే పడిపోతుంది. ఏం జరిగిందో అర్థమయ్యేలోపు చెరకు చేలో ఉంటుంది.

"ఆపండి!" అని అరిచాను. ఇంజన్ అప్పటికే మొదలైంది.

ఆత్మారాం గారు నా మీద ఇంతెత్తు లేచారు. "ఏంది మేడం! బయలెల్లేటప్పుడు ఎనుక నుంచి పిలుస్తరా? శకునం తప్పదా?"

శకునమట! చూడటానికే తప్ప ఆపటానికి నాకు అధికారం లేదు. ఆ సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు, వచ్చినా లెక్కచేసేదాన్ని కాదు. రెక్క చుట్టూ దూరంగా పరిగెత్తి, విమానానికి ఎదురుగా వెళ్లి రెండు చేతులూ అడ్డంగా పెట్టి నిలబడ్డాను. హర్షిణి ఇంజన్ ఆపేసింది.

మధుకర్ పళ్లెంతోనే వచ్చాడు, మొహం కందగడ్డలా చేసుకుని. "ఏమైంది మేడం?"

"స్టిక్కు ఎడమకు తిప్పమనండి. మీరు రెక్క చూడండి."

హర్షిణి తిప్పింది. మధుకర్ రెక్కనే చూస్తూ, "ఇంకోపాలి తిప్పు బిడ్డా," అన్నాడు. ఆమె మళ్లీ తిప్పింది. ఆయన పళ్లెం పక్కన పెట్టి నేల మీద కూలబడ్డాడు.

తలెత్తి సాయిరాంను అడిగాడు. "నువ్వు సూడలేదా?"

"నువ్వు సూసినవ్ గద బావా."

"నువ్వు సూసినవనే నేను గూడ సూడలే బాపు," అంది హర్షిణి, కిందికి దిగి.

ఆత్మారాం గారు తేరుకుని, "కొబ్బరికాయ కుళ్లింది. నేను గప్పుడే అనుకున్న," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా, "ఏం కాలే గద మేడం. కానిదాన్ని గూడ రాస్తరా?" అన్నారు.

"రాస్తాను! కుళ్లింది కాయ కాదు సార్, మీ బరోసా!" అని అరిచాను. ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఆయన ఈసారి చాయ్ చెప్పలేదు.

మధ్యాహ్నానికి మధుకర్ కేబుళ్లు విప్పి, సరిచేసి బిగించాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పనయ్యాక సాయిరాంను పిలిచాడు. సాయిరాం చేతులు తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీశాడు.

నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. "చూడరా?" అన్నాను.

"గింత అయినంక బావ మళ్ల తప్పు చేస్తడా మేడం?"

ఆ షెడ్డు గోడకు తల బాదుకోవాలనిపించింది. నేనేదో అనేలోపే మధుకర్ లేచి ఆ పెన్ను లాక్కున్నాడు.

"అల్లుడు గిల్లుడు ఇంటికాడ. లోపటికి దూరి సూడు. తప్పు దొర్కాలె అనుకొని సూడు. అండ్ల కూసునేది నా బిడ్డ."

సాయిరాం టార్చి పట్టుకుని రెక్క కిందికి దూరాడు. చాలాసేపు లోపలే ఉన్నాడు. బయటికి వచ్చేసరికి చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. అతని మొహం చూస్తే ఏదో ఉందని పసిపిల్లకైనా తెలిసిపోతుంది.

"ఏమున్నది?" అన్నాడు మధుకర్.

సాయిరాం నోరు తెరిచాడు, మూశాడు. కాళ్ల వైపు చూసుకున్నాడు. 'అంతా మంచిగనే ఉన్నది' అంటాడేమో అనుకున్నాను. అనలేదు. పక్కనే ఉన్న హర్షిణి వైపు తిరిగాడు.

"బిడ్డా, మీ బాపుకు చెప్పు. కుడి రెక్కల నట్టు ఊడకుంట పెట్టే పిన్ను ఒకటున్నది. దాని కొసలు ఒంచలే."

మధుకర్ చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉన్నాడు. ప్రతి మాటా విన్నాడు. అయినా కదలలేదు, కూతురు చెప్పేదాకా ఆగాడు.

హర్షిణి నా వైపు ఒకసారి చూసి, తండ్రి వైపు తిరిగింది. "బాపు, కుడి రెక్కల పిన్ను ఒంచలేదంట."

"అట్లనా," అన్నాడాయన. కటింగ్ ప్లేయరు తీసుకుని రెక్క కిందికి దూరాడు.

నేరుగా చెబితే నోరు పడిపోతుందా అని అడగబోయి ఆగిపోయాను. సాయిరాం నా దగ్గరికి వచ్చి, బావకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"ఇగ మా అక్క అడుగుతది మేడం, ఆయన పనిల తప్పెందుకు పట్టినవ్ అని. ఏం చెప్పాలె?"

"'నీ బిడ్డ సాయంత్రం ఇంటికొస్తుంది అక్కా' అని చెప్పండి," అన్నాను.