లింగవ్వ మాట

మెట్‌పల్లి దర్జీ జహీరుద్దీన్ దసరా కంటే ముందే నూట ఇరవై రూపాయలు పట్టుకుని లింగవ్వ మంద దగ్గరికి వచ్చాడు. బక్రీదు దగ్గరపడితే పొట్టేళ్ల ధర కొండెక్కుతుందని అతని భయం.

"పైసలు ఇప్పుడే తీస్కో అక్కా. పండుగకు ఏదో ఒకటియ్యి" అన్నాడు.

మొగుడు పోయినప్పటి నుంచి ఒంటిచేత్తో మంద కాస్తున్న లింగవ్వ చెయ్యి చాపింది. వెంట వచ్చిన మసీదు మౌల్వీ అడ్డం పడ్డాడు.

"గట్ల చెల్లదు లింగవ్వా. ఏ రెండు జీవాలు ఒక్క తీరుగుండయి. ఏదో ఒకటని ముందుగాల పైసలిస్తే రేపు కొట్లాటనే. జహీర్, ఒకటి ఏరుకో. చేతికి తీస్కో. గప్పుడది నీదైతది."

జహీరుద్దీన్ పండ్లు చూసి, చెవులు తడిమి, నల్లమూతి పొట్టేలును ఏరుకున్నాడు. డబ్బిచ్చి, తాడు పట్టి పదడుగులు నడిపించాడు. తిరిగొచ్చి తాడు లింగవ్వకు అందించాడు. "పండుగ దాక నీ దగ్గర అమానత్, నా జీవాన్ని నువ్వు కాపాడాలె. మేపినందుకు కూలి వేరే ఇస్త."

"దానికేమన్న అయితే?" అని లింగవ్వ మౌల్వీని అడిగింది.

"నీ తప్పుంటే నష్టం నీది. లేకుంటే జహీర్‌ది."

పండుగ పన్నెండు రోజులుందనగా, తెల్లవారి మంచులో తోడేలు మందలో పడింది. లింగవ్వ కర్ర తీసుకుని కలబడింది. ముంజేతిని కరిచినా వెనక్కి తగ్గలేదు. తోడేలు పారిపోయింది గాని, అప్పటికే నల్లమూతి పొట్టేలు గొంతు తెగింది.

చేతికి గుడ్డ చుట్టుకుని, పొట్టేలు తోలు మూటగట్టి, ఆరు మైళ్లు నడిచి ఆమె మసీదు ముందు నిలబడింది. శుక్రవారం నమాజు అయి జనం బయటికి వస్తున్నారు. సంగతి విని అత్తరు దుకాణం వాహెద్ నవ్వాడు.

"ధర పెరిగిందని హుజూరాబాద్ బేరగాళ్లకు అమ్ముకున్నవేమో!"

లింగవ్వ ముఖం ఎర్రబడింది. మూట విప్పబోయింది.

"ఇప్పకు బిడ్డా" అన్నాడు మౌల్వీ. "అమానత్ కాసేటోళ్లు ఒట్టేసి చెప్తే, గా మాటే మాట. తప్పు చేసిందనేటోడే సాక్ష్యం తేవాలె. వాహెద్, ఉన్నదా నీ దగ్గర?"

వాహెద్ జనంలోకి వెనక్కి జరిగాడు.

"మా బీరప్ప దేవుని మీద ఒట్టు. నా పానం అడ్డమేసిన గని దక్కలే" అంది లింగవ్వ.

జహీరుద్దీన్ ఆమె చేతి కట్టు వైపు చూశాడు. "నమ్మిన అక్కా. నష్టం నాదే."

"మందల ఇంకో పొట్టేలున్నది. తీస్కపో."

"ఉట్టిగనైతే వద్దు."

"ఉట్టిగ ఎవలిస్తున్నరు? అదే ధరకు కొను. పైసలు ఉగాదికియ్యి."

మౌల్వీ తలూపాడు. "మందకు పోయి జీవాన్ని కండ్లార చూసి తీస్కో. ధర తెలుసు, గడువు తెలుసు. ఇది చెల్లుతది."

పండుగనాడు జహీరుద్దీన్ కుర్బానీ మాంసం పంచుతూ ఒక వాటా లింగవ్వ ఇంటికి తానే మోసుకొచ్చాడు. ఉగాదికి డబ్బు ముట్టజెప్పాడు. మరుసటి ఏడు ఆమె మందలో పదకొండు అమానత్ పొట్టేళ్లు మేశాయి. అందులో ఒకటి వాహెద్‌ది. ఆడదానికి ఇన్ని జీవాలు ఎట్లా అప్పగించారని ఊళ్లో ఎవరన్నా అడిగితే, లింగవ్వ గొంగడి భుజాన సర్దుకుని చెప్పేది:

"మసీదు ముందట, అంత మందిల, నా మాటకు సాక్ష్యం అడుగలేదయ్యా."